అడవి బాటలకు సెకండ్ హ్యాండ్ బండి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి వారాంతాల్లో వికారాబాద్, నల్లమల, మెదక్, ములుగు వైపు వెళ్లాలనుకుని, కొత్త బండికి డబ్బు సరిపోక పాత బండి వెతుక్కునే వారి కోసం ఈ జవాబులు. బండి గురించి మిత్రులు, బంధువులు, ఆఫీసులో తోటివారు పదే పదే అడిగినవే ఇందులో ఉన్నాయి.

వేటకు వెళ్లడానికి పనికొచ్చే పాత బండి ఏది?

వేటకు ఏ బండీ పనికిరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో వేట నేరం. కృష్ణజింక, నెమలి వంటి మొదటి షెడ్యూలు ప్రాణుల జోలికి వెళితే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల వరకు జైలు పడుతుంది. నేరానికి వాడిన బండి కూడా ప్రభుత్వపరం అవుతుంది. పంటలను నాశనం చేసే జంతువుల విషయంలో చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారులు లిఖితపూర్వక అనుమతి ఇవ్వగలరు. అది వారు ఎంపిక చేసినవారి పని, మన వారాంతపు సరదా కాదు. ఎయిర్ గన్ అయితే ఫరవాలేదని కొందరు అనుకుంటారు. అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు.

ఒకప్పుడు నిజాంలు వేటాడిన పోచారం ఈరోజు అభయారణ్యం. అక్కడికి బైనాక్యులర్లతో, కెమెరాతో వెళ్లేవారి కోసమే ఈ పేజీ. క్యాంపింగ్, పక్షులను చూడటం, గుట్టలెక్కడం, అనుమతి ఉన్న చోట గాలం వేయడం వంటి వాటికి ఎలాంటి బండి కావాలో చూద్దాం.

ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరిగా ఉండాలా?

ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందే ఈ ఏర్పాటు చాలామందికి అవసరం లేదు. పాత బండి కొనేవారు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీరు నిజంగా వెళ్లే చోట్లు రాసుకోండి. అనంతగిరి కొండలు, కోటేపల్లి జలాశయం, నర్సాపూర్ అడవి, పాఖాల, లక్నవరం, బొగత జలపాతం, సోమశిల, మన్ననూరు. వీటిలో దేనికైనా తారు రోడ్డు ఉంది, లేదా చివర్లో కొద్ది దూరం మట్టిబాట ఉంటుంది. ఎండాకాలంలో, చలికాలంలో ఆ మట్టిబాటలో మంచి టైర్లు, కాస్త ఎత్తు ఉన్న మామూలు టూ వీల్ డ్రైవ్ బండి హాయిగా వెళుతుంది. వేలాది పల్లెటూళ్లలో పాలవాళ్లు, ఎరువుల దుకాణాలవాళ్లు రోజూ పాత బొలెరోతోనే తిరుగుతున్నారు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), ముందు ఇరుసు, అదనపు షాఫ్టులు కూడా ఉంటాయి. పాత బండిలో వీటిని సంవత్సరాల తరబడి ఎవరూ వాడి ఉండరు, ఆయిలు మార్చి ఉండరు. లీవరు కదలదు, లేదా కదిలినా ముందు చక్రాలకు శక్తి అందదు. అమ్మేవారు మాత్రం ‘ఫోర్ బై ఫోర్’ అని ధర పెంచుతారు. అదే డబ్బుతో కొత్త టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ చేయించుకుంటే మీ ప్రయాణానికి ఎక్కువ ఉపయోగం.

వర్షాకాలంలో కూడా మట్టిదారుల్లో తిరిగేవారికి, కొండ ఎగుడు మీద రాళ్ల బాటలు ఎక్కేవారికి, ఆదిలాబాద్ లోపలి దారులకు తరచూ వెళ్లేవారికి మాత్రం అది కావాలి. వారు కూడా ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజ్ గేరు (వేగం తగ్గించి బలం పెంచేది) ఉన్నదే చూడాలి. బురదలోనూ, నిలువు ఎగుడులోనూ అసలు పని చేసేది ఆ గేరే. ఇంకొక మాట: పాత థార్, జిప్సీ వంటి పార్ట్ టైమ్ (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే) వ్యవస్థలను ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు. మలుపుల్లో ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగాలి. ఆ తేడాకు చోటు లేకపోతే గేర్లు బిగుసుకుని అరిగిపోతాయి.

ఫోర్ వీల్ ఉన్నా బండ్లు బురదలో ఎందుకు కూరుకుపోతాయి?

నేల వల్ల, టైర్ల వల్ల. హైదరాబాద్ చుట్టూ వంద కిలోమీటర్లలోనే రెండు రకాల నేలలు కనిపిస్తాయి. ఎర్ర చెల్క నేల వాన పడిన కొన్ని గంటల్లో నీటిని ఇంకించుకుంటుంది. పైన జారినా కింద గట్టిగా ఉంటుంది. తాండూరు వైపు, ఇంకా దూరాన ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న నల్లరేగడి అలా కాదు. తడిస్తే ఉబ్బి జిగురుగా మారుతుంది. టైరు గాడులన్నీ నిండిపోయి, చక్రం నున్నటి గుండ్రని దిమ్మెలా తయారవుతుంది. మడ్‌గార్డు లోపల మట్టి పేరుకుని చక్రం తిరగడమే కష్టమవుతుంది. ఆ స్థితిలో నాలుగు చక్రాలకు శక్తి వెళ్లినా, నాలుగూ ఒక్కచోటే గిర్రున తిరుగుతాయి.

ఒక తొలకరి రోజు తాండూరు దగ్గర కంది చేను పక్క బండ్లబాటలో ఒక బరువైన ఫోర్ వీల్ బండి ఇరుసు వరకు దిగబడటం చూశాను. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ గుంత లోతైంది. చివరికి దాన్ని లాగినది పొలంలోని ట్రాక్టరు. దానికి పది నిమిషాలు పట్టింది. ఆ రైతు చెప్పిన మాట గుర్తు పెట్టుకోవలసినది: వాన పడ్డ మర్నాడు మధ్యాహ్నం వరకు నల్ల చేను మధ్య బాటలో ఎవరూ బండి దించరు. నల్ల నేల కనిపిస్తే తారు రోడ్డు పక్కనే బండి ఆపి నడవండి. ఏ మోడలు కొన్నా ఈ నియమం మారదు.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత ఉండాలి?

నేలకూ బండి అడుగుకూ మధ్య ఉండే ఈ ఎత్తు 180 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 200 ఉంటే నిశ్చింత. బొలెరోకు 180, ఎకోస్పోర్ట్‌కు 200, డస్టర్‌కు 205, జిప్సీకి 210. కంపెనీ చెప్పిన ఆ అంకె ఖాళీ బండిది. ఐదుగురు ఎక్కి, వెనక టెంట్లు, నీళ్ల క్యాన్లు పెడితే వెనక భాగం కిందికి వస్తుంది. పాత బండిలో స్ప్రింగులు అలసిపోయి ఉంటే ఇంకా ఎక్కువ దిగుతుంది. చూడటానికి వెళ్లినప్పుడు ఇద్దరిని వెనక కూర్చోబెట్టి ఒకసారి గమనించండి.

ఐదు లక్షల లోపు ఏవి చూడవచ్చు?

ధరలు సంవత్సరాన్ని, కండిషన్‌ను బట్టి మారుతుంటాయి. అందుకే మోడళ్ల స్వభావం చెబుతాను.

నా మొదటి సలహా బొలెరో. 2000లో వచ్చిన ఈ బండి వెనక కమాన్ పట్టీల మీద నడుస్తుంది. బరువు మోస్తుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. హైవే మీద వేగం తక్కువ, వెనక కూర్చున్నవారికి కుదుపు ఎక్కువ. అయినా అచ్చంపేటలోనైనా, ఏటూరునాగారంలోనైనా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. అడవి దారిలో ఆగిపోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. కొనేముందు అది ఏ పని చేసిందో కనుక్కోండి. చాలా బొలెరోలు అద్దె బండ్లుగా, సైట్ల మీద తిరిగి వచ్చినవే.

కుటుంబంతో వెళ్లేవారికి డీజిల్ రెనో డస్టర్. 2012లో వచ్చి, పాత తరం తయారీ 2022లో ఆగిపోయింది. గతుకుల దారిలో దాని సస్పెన్షన్ లాంటిది ఆ ధరలో మరొకటి లేదు. గుంతల మీద కారు లోపల కాఫీ తొణకదు. 2014లో వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్ రకం దొరికితే మంచిదే, కాని దొరకడం కష్టం. 1.5 లీటరు డీజిల్ ఇంజనుకు టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే ఇంజను లోపల వాల్వులు వంగిపోతాయి. అందుకే బెల్టు మార్చినట్టు బిల్లు చూపకపోతే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్ కూడా మంచి బండి. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేయడంతో సెకండ్ హ్యాండ్ ధర తగ్గింది. కొనేవారికి అది లాభం. విడిభాగాలకు కొంచెం ఎదురుచూడవలసి రావచ్చు.

పాత స్కార్పియో, సఫారీ స్టార్మ్ బలమైనవి, బరువైనవి. వీటిలో ఫోర్ వీల్ ఉన్న రకాలూ దొరుకుతాయి. మరమ్మతు ఖర్చు మాత్రం చిన్న బండి ఖర్చులా ఉండదు. క్లచ్ ఒక్కటి మార్చినా నెల జీతంలో పెద్ద ముక్క పోతుంది.

ఏ బండి తీసుకున్నా మీ మొత్తం డబ్బులో ఐదో వంతు పక్కన పెట్టండి. ఐదు లక్షలుంటే నాలుగు లక్షల బండి చూడండి. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, బుష్‌లు, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి వంటివన్నీ మొదటి నెలలోనే అడుగుతాయి.

జిప్సీ లేదా పాత థార్ కొంటే?

మనసు వాటి మీద ఉంటే కాదనను. 1985 నుంచి వచ్చిన జిప్సీ తేలికైన బండి. బురదలో తేలికదనం పెద్ద బలం. తర్వాతి రకాల్లోని 1.3 లీటరు పెట్రోల్ ఇంజను మొండిది. కాని ముందూ వెనకా కమాన్ పట్టీలే కావడంతో రోడ్డు మీద ఒళ్లు హూనమవుతుంది. పెట్రోలు బాగా తాగుతుంది. సామాన్యులకు దీని అమ్మకాలు ఆగి చాలాకాలమైంది కాబట్టి మంచి జిప్సీకి ధర తగ్గదు.

2010 తర్వాత వచ్చిన పాత థార్‌లో రెండు డీజిల్ ఇంజన్లు ఉన్నాయి. డీఐ రకం సాదాసీదాది. సీఆర్డీఈ రకానికి శక్తి ఎక్కువ, మీరు చూడవలసింది అదే. తలుపుల కింది అంచులు, ఫుట్‌బోర్డు, వెనక తలుపు మూలల్లో తుప్పు వెతకండి. వెనక సీట్లు పక్కకు ఉంటాయి. పెద్దవారిని ఎక్కించి శ్రీశైలం వరకు తీసుకెళ్లడం వారికి శిక్షే. ఇంట్లో మరో కారు ఉన్నవారికే థార్ సరైన ఎంపిక.

ఆర్మీ వేలంలో జిప్సీలు చౌకగా వస్తాయట, నిజమేనా?

వస్తాయి. కాని చౌక ధర బండిది, శ్రమ కాగితాలది. వేలం దస్తావేజులు, విడుదల పత్రం అసలువి ఉండాలి. ఛాసిస్, ఇంజను నంబర్లు వాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సాధారణ రిజిస్ట్రేషన్ పూర్తయి, ఆర్సీ చేతికొచ్చిన బండినే కొనండి. ‘కాగితాలు వచ్చే నెల వస్తాయి’ అంటే బయటికి వచ్చేయండి.

డీజిల్ మంచిదా, పెట్రోలు మంచిదా?

నెలకు ఒకటి రెండు సార్లు దూరం వెళ్లి, మిగతా రోజులు కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వరకు ట్రాఫిక్‌లో తిరిగేవారికి పెట్రోలే సుఖం. బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనంతట తాను శుభ్రపడాలంటే బండి హైవే వేగంలో కొంతసేపు నడవాలి. రోజూ చిన్న దూరాలే తిరిగితే ఫిల్టరు మూసుకుపోయి, డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. మార్చాలంటే ఖరీదు. 2020 మార్చి 31 వరకు రిజిస్టరైన బీఎస్ 4 డీజిళ్లలో చాలావాటికి ఈ బాధ లేదు. బరువు మోయడంలో, ఎగుడు ఎక్కడంలో డీజిల్ బలం వేరు కాబట్టి, ట్రిప్పులే ప్రధానమైతే బాగా చూసుకున్న బీఎస్ 4 డీజిల్ నా ఎంపిక.

పెట్రోలు కొంటే ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది. పాత జిప్సీ వంటి బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు దాని కోసం తయారుచేసినవి కావు. ఇంధన పైపులు పగుళ్లు లేకుండా ఉన్నాయో చూడండి, సందేహముంటే మొత్తం మార్పించండి. ఆ ఖర్చు చిన్నదే.

ఢిల్లీ బండ్లు ఇక్కడికంటే చాలా తక్కువకు ఎందుకు వస్తున్నాయి?

అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద కోర్టు ఆంక్షలు వచ్చాయి కాబట్టి గడువు దగ్గరపడిన బండ్లను బయటి రాష్ట్రాలకు అమ్మేస్తారు. చాలావరకు బండ్లు బాగానే ఉంటాయి. అయితే లెక్క సరిగా వేయండి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), తెలంగాణలో మళ్లీ రిజిస్ట్రేషన్, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్, లారీ మీద తెచ్చిన ఖర్చు అన్నీ కలిపితే ఆ తేడా చాలాసార్లు కరిగిపోతుంది. బయటి రాష్ట్రం నంబరుతోనే 12 నెలలకు మించి ఇక్కడ తిప్పడం చట్టవిరుద్ధం. ట్యాక్స్ ఎంతో ఆర్టీవో దగ్గర కనుక్కున్న తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.

బండి చూడటానికి వెళ్లినప్పుడు ఏమేమి చూడాలి?

ఉదయం వెళ్లండి, ఎండలో చూడండి. ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయాలి కాబట్టి ‘ముందే స్టార్ట్ చేసి పెట్టకండి’ అని ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పడం మంచిది. చల్లటి ఇంజను మొదటి సెల్ఫ్‌కే అందుకోవాలి. సైలెన్సర్ నుంచి ఆగకుండా నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. తీపి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. డీజిల్ బండిలో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త నల్లపొగ సహజమే, నిలిచిపోతే కాదు.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరిపడేంత ఒత్తిడితో పొగ గుప్పుగుప్పున వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. ఆ బండిని అక్కడే వదిలేయండి. మూత లోపల పాలమీగడ లాంటి పూత ఉంటే ఆయిలులో నీళ్లు కలుస్తున్నాయి.

ఇప్పుడు కిందికి వెళ్లాలి. అడవిలో తిరిగిన బండి చరిత్ర దాని అడుగున రాసి ఉంటుంది. దగ్గరలోని సర్వీసు షెడ్డులో కొద్ది డబ్బు ఇచ్చి ర్యాంపు మీదికి ఎక్కించండి. ఒక టార్చి, పాత గుడ్డ, స్క్రూడ్రైవర్ చేతిలో ఉంచుకోండి. ఛాసిస్ పట్టీల వెంట వెలుగు నెమ్మదిగా కదిలించండి. తాజాగా వేసిన నల్ల రంగు కనిపిస్తే అనుమానించాలి. స్క్రూడ్రైవర్ మొనతో తట్టితే గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది పొడిపొడిగా రాలుతుంది. వెల్డింగ్ అతుకులు కంపెనీవైతే సమంగా ఉంటాయి, చేత్తో వేసినవి గడ్డలు గడ్డలుగా ఉంటాయి. ఛాసిస్ మీద చేతి వెల్డింగ్ ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

గేర్ బాక్సు కింద, ఇరుసు మధ్య గుండు దగ్గర, షాక్ అబ్జార్బర్ల మీద తడిని గుడ్డతో తుడిచి, పావుగంట తిప్పి వచ్చాక మళ్లీ చూడండి. దుమ్ము పట్టిన పాత మరక సరే. బొట్టు కారుతుంటే సీలు పోయినట్టు. ముందు టోయింగ్ హుక్ వంగి ఉందా, అడుగున రాళ్లు గీసిన గాట్లున్నాయా గమనించండి. గాట్లు ఉన్నంతమాత్రాన కంగారు వద్దు. ఆయిల్ సంపుకు దెబ్బ తగిలి సొట్ట పడితే మాత్రం బేరమాడాలి.

నడిపేటప్పుడు పాటలు పెట్టవద్దని అమ్మేవారిని కోరండి. గుంతలున్న గల్లీలో నెమ్మదిగా పోనిచ్చి టకటక శబ్దాలు వినండి. ఖాళీ రోడ్డులో స్టీరింగ్ వదులుగా పట్టి బ్రేకు వేస్తే బండి పక్కకు లాగకూడదు. మూడో గేరులో తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను మోత పెరిగి బండి ముందుకు రాకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. ఫోర్ వీల్ ఉంటే మట్టినేల మీద దాన్ని వేసి, లో రేంజ్‌లో కూడా నడిపించి చూడకుండా నమ్మకండి.

మీకు ఇవన్నీ చూడటం రాకపోతే ఆ మోడలు మీద పనిచేసే మెకానిక్‌ను కూలి ఇచ్చి తీసుకెళ్లండి. ఆ కూలి గురించి బేరమాడకండి.

వరదలో మునిగిన బండిని ఎలా పట్టుకోవాలి?

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్నో కాలనీల్లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండి శుభ్రం చేసిన తర్వాత పైకి కొత్తదానిలా మెరుస్తుంది. సీటు బెల్టును చివరి వరకు లాగండి. లోపలి భాగంలో బురద గీత, మరక కనిపిస్తాయి. సీట్ల కింది పట్టాలు, స్క్రూలు తుప్పు పట్టాయా చూడండి. స్టెప్నీ గుంతలో, కార్పెట్ కింద సన్నటి ఒండ్రు మిగిలిపోతుంది. కిటికీలు మూసి పది నిమిషాలు ఏసీ వేస్తే ముక్క వాసన వస్తుంది. అన్ని అద్దాలు, లైట్లు, వైపర్లు పదేపదే నొక్కి చూడండి. వైర్లలో చేరిన నీరు నెలల తర్వాత బయటపడుతుంది, అదీ నల్లమల మధ్యలో.

మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉంటే నమ్మవచ్చా?

మీటరును కాదు, అరుగుదలను నమ్మండి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరిసిపోతూ, డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగి ఉంటే ఆ బండి 40,000 కిలోమీటర్లే తిరిగిందంటే అది అబద్ధం. సర్వీసు బిల్లుల మీద ప్రతిసారీ కిలోమీటర్లు రాస్తారు. రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి అధీకృత సర్వీసు కేంద్రంలో అడిగితే చరిత్ర తెలుస్తుంది. ఇన్సూరెన్సు క్లెయిముల వివరాలు కూడా అడగండి.

పదిహేనేళ్లు దగ్గరపడిన బండి కొనవచ్చా?

తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన సొంత బండిని ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుని నడపవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఆ రుసుమును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. దానిపై గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. ఏపీ 9, ఏపీ 28, ఏపీ 29 నంబర్లతో కనిపించే బండ్లన్నీ 2014 మధ్య వరకు రిజిస్టరైనవే. ధర తక్కువ కదా అని చూసేటప్పుడు ఆర్సీ మీద ఉన్న చెల్లుబాటు తేదీ మొదట చదవండి. గడువు ముగిసి ఉంటే పునరుద్ధరణ అమ్మేవారే చేయించాలని పట్టుపట్టండి.

కాగితాల్లో ఏమి చూసుకోవాలి?

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి యజమాని పేరు, ఎన్నో యజమాని, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్స్ ఉందా లేదా చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీతో పాటు అప్పు తీరినట్టు తెలిపే ఫారం 35 ఉండాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు కావాలి. ట్రాఫిక్ చలాన్లు పెండింగ్‌లో ఉన్నాయేమో ఆన్‌లైన్‌లో చూసుకుని, అన్నీ కట్టించాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి.

పసుపు నంబరు ప్లేటుతో తిరిగిన బండి తెల్ల ప్లేటుకు మారి వచ్చిందేమో కూడా ఆర్సీ చరిత్రలో తెలుస్తుంది. ఇన్సూరెన్సు మీ పేరు మీదికి 14 రోజుల్లో మార్పించుకోండి. ‘ఆర్సీ తర్వాత మార్చుకుందాం, ముందు తిప్పండి’ అనే దళారి మాట వినకండి. మీ ప్రమాదం ఇంకొకరి పేరు మీద, ఇంకొకరి నేరం మీ బండి మీద పడే ప్రమాదం అది. కొన్న వారంలోనే ఆర్టీవో పని ముగించండి.

పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం) ఉన్న బండి మంచిదే కదా?

చూడటానికి బాగుంటుంది. చట్టం ఒప్పుకోదు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ ముందు ఇనుప గార్డులను తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అవి ఢీకొన్నప్పుడు బండి శక్తిని పీల్చుకోకుండా నేరుగా ఛాసిస్‌కు అందిస్తాయి. ఎయిర్ బ్యాగులు సరిగా తెరుచుకోకపోవచ్చు. ఎదుటి మనిషికి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఆర్సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండి నిర్మాణాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

ఇంకో మాట, బాగా మార్పులు చేసిన బండి అంటే బాగా వాడేసిన బండి. వాటికంటే కుటుంబం వాడుకున్న, ఏ మార్పూ లేని బండి ఎప్పుడూ మేలు.

టైర్లు ఎప్పుడు మార్చాలి?

టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. గాడులు బాగున్నా ఆరేళ్లు దాటితే రబ్బరు గట్టిపడుతుంది, రాళ్ల మీద చీలుతుంది. స్టెప్నీ తేదీ కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు. మన ట్రిప్పులకు తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ రకం చాలు. పూర్తి బురద టైర్లు తారు రోడ్డు మీద హోరెత్తుతాయి, తడి రోడ్డులో బ్రేకు ఆలస్యంగా పట్టిస్తాయి. కంపెనీ చెప్పిన సైజే వేయండి.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

రాణిగంజ్, వనస్థలిపురం దగ్గర ఆటోనగర్. పాత భాగం చేత్తో తీసుకెళ్లి చూపించి కొనండి. బ్రేకు, స్టీరింగ్ భాగాలు మాత్రం కంపెనీ డబ్బాలో, బిల్లుతోనే కొనాలి.

బండిలో ఎప్పుడూ ఉండవలసినవి?

గాలి నిండిన స్టెప్నీ, పనిచేసే జాకీ, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క పలక (మెత్తటి నేలలో జాకీ దిగబడకుండా), మంచి లాగుడు పట్టీ, టైరులో గాలి కొట్టే చిన్న పంపు, పంక్చర్ కిట్టు, జంపర్ వైర్లు, కూలెంట్, రెండు మూడు ఫ్యూజులు, టార్చి, చిన్న పార, పది లీటర్ల నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె. ఫోను సిగ్నల్ లేని చోట్లు చాలా ఉంటాయి కాబట్టి మ్యాపు ముందే ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. ఇంట్లో వారికి ఏ దారిన వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో చెప్పండి.

సొంత బండితో అడవి లోపలికి వెళ్లవచ్చా?

ప్రధాన రోడ్డు వరకు వెళ్లవచ్చు. ఆమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల లోపలి బాటల్లోకి అనుమతి లేకుండా బండి దించడం నేరం. మన్ననూరు దగ్గర, జన్నారంలో అటవీ శాఖ సఫారీలున్నాయి, వాటిలోనే వెళ్లండి. హైదరాబాద్ - శ్రీశైలం దారిలో అడవి భాగాన్ని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు. ఆ సమయం జంతువులు రోడ్డు దాటేది. చెక్‌పోస్టు దగ్గర బతిమాలడం కన్నా సాయంత్రమే దాటేలా బయలుదేరాలి.

రోడ్డు మీద కోతులకు తిండి వేయకండి. దానికి అలవాటుపడిన కోతులు బండ్ల కింద పడుతున్నాయి. అడవిలో మంట వేయవద్దు, హారన్ కొట్టవద్దు. ఎండాకాలంలో ఎండుగడ్డి మీద బండి నిలపకండి. వేడెక్కిన సైలెన్సర్‌కు గడ్డి తగిలి అంటుకుంటుంది. చేపలు పట్టాలనుకుంటే చెరువుల మీద హక్కు ఎక్కువగా మత్స్యకారుల సహకార సంఘాలది. ముందుగా వారిని అడగండి. అభయారణ్యాల జలాశయాల్లో గాలం వేయకూడదు.

కొన్న తర్వాత మొదటి ట్రిప్పు ఎక్కడికి?

దగ్గరికి. ముందుగా ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిలు, గేరు, ఇరుసు ఆయిళ్లు అన్నీ మార్పించండి. పాత యజమాని మార్చానని చెప్పినా సరే. తర్వాత ఒక ఆదివారం తెల్లవారుజామున సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని నర్సాపూర్ అడవికి, ఆ తర్వాతి వారం అనంతగిరికి వెళ్లి రండి. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత సూది మీద కన్ను ఉంచండి. దిగేటప్పుడు బ్రేకుల వాసన వస్తే తక్కువ గేరులో దింపండి. ఆగిన చోటల్లా బండి కింద కొత్త మరక పడిందా అని వంగి చూడండి. ఇంటికొచ్చాక చక్రాల నట్లు ఒకసారి బిగించి, కూలెంట్, ఆయిలు మట్టాలు కొలిచి రాసుకోండి. రెండు ట్రిప్పుల్లోనూ మట్టం తగ్గకపోతే నల్లమలకు గదులు బుక్ చేసుకోవచ్చు. తగ్గితే ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లండి.